ప్రింటరు పుట ఖర్చు: దాని లెక్క, దాని అదుపు

ఏ పాఠశాలలోనైనను పరీక్షలు సమీపించు దినములలో ప్రధానోపాధ్యాయుని గదిలోని ప్రింటరుకు తీరిక ఉండదు. ప్రశ్నపత్రములు, హాజరు పట్టికలు, పై అధికారులకు పంపవలసిన నివేదికలు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చుచుండును. పని సగములో ఉండగా అక్షరములు వెలవెలబోవును. టోనరు అయిపోయినదని దీపము వెలుగును. క్రొత్త కార్ట్రిడ్జి ధర విచారించినచో అది ప్రింటరు ధరలో మూడవ వంతో, సగమో ఉండును. అప్పుడు అందఱికిని ఒకే సందేహము కలుగును: చవుకగా దొరకినదని కొన్న యంత్రము నిజముగా చవుకయేనా?

ఈ సందేహము పాఠశాలకు మాత్రమే సంబంధించినది కాదు. పంచాయతీ కార్యాలయము మొదలు పెద్ద వ్యాపార సంస్థ వఱకు కాగితముపై పని జరుగు ప్రతి చోటను ఇది ఎదురగును. దీనిని తీర్చుటకు కొంత భౌతిక శాస్త్రము, పదవ తరగతి బీజగణితము చాలును. ముందుగా ఈ యంత్రము ఎట్లు పుట్టినదో, ఎట్లు పనిచేయునో తెలిసికొన్నచో ఖర్చు ఎక్కడ జరుగుచున్నదో తేలికగా బోధపడును.

నకళ్ల కొఱకు పడిన పాట్లు

విచిత్రమేమనగా, ఈ యంత్రము పుట్టుటకు మూలము కూడ నకళ్ల ఖర్చే. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని న్యూయార్కు నగరమున చెస్టర్ కార్ల్‌సన్ అను యువకుడు ఒక సంస్థయొక్క పేటెంటు విభాగములో పనిచేయుచుండెను. అతడు భౌతిక శాస్త్ర పట్టభద్రుడు. పేటెంటు పత్రములకును, చిత్రపటములకును నకళ్లు అతనికి నిత్యము కావలసి వచ్చెడివి. చేతితో వ్రాయుట చాల శ్రమ. ఫొటో తీయించుట చాల ఖర్చు. అతనికి చూపు తక్కువ. కీళ్లనొప్పులు కూడ ఉండెడివి. నీరు, రసాయనములు లేకుండ పొడిగా నకలు తీయు ఉపాయము ఏదైన ఉండునా అని అతడు గ్రంథాలయములో శాస్త్ర గ్రంథములు వెదకనారంభించెను.

1938 అక్టోబరు 22 వ తేదీన, ఆస్టోరియా అను పేటలో అద్దెకు తీసికొన్న గదిలో, అతడును అతని సహాయకుడు ఓటో కోర్నైయును ఒక ప్రయోగము చేసిరి. గంధకము పూసిన జస్తు పలకను గుడ్డతో రుద్ది దానిపై స్థిర విద్యుత్తు పుట్టించిరి. ఆనాటి తేదీని, ఊరి పేరును సిరాతో వ్రాసిన గాజు పలకను దానిపై ఉంచి, ప్రకాశవంతమైన దీపము క్రింద కొన్ని క్షణములు పెట్టిరి. పిమ్మట గాజు పలకను తీసి, గంధకముపై లైకోపోడియము అను సన్నని పొడి చల్లి ఊదిరి. వెలుతురు తగిలిన చోట పొడి ఎగిరిపోయినది. అక్షరముల నీడ పడిన చోట అంటుకొని నిలిచినది. మైనపు కాగితమును దానిపై అదిమి, కొంచెము వేడిచేయగా అక్షరములు కాగితముపైకి దిగినవి. లోకములో మొదటి పొడి నకలు ఇదియే.

ఈ విధానమునకు 1942 లో పేటెంటు లభించినది. కాని ఇరువదికి పైగా సంస్థలు దానిని కాదనినవి. 1944 లో ఒహాయో రాష్ట్రమందలి బాటెల్ పరిశోధన సంస్థ చేయూత నిచ్చినది. తరువాత రాచెస్టరు నగరమందలి హాలాయిడ్ అను చిన్న కంపెనీ ముందుకు వచ్చినది. 1959 లో '914' అను యంత్రమును ఆ కంపెనీ ప్రజలకు చూపినది. 9 అంగుళముల వెడల్పు, 14 అంగుళముల పొడవు గల కాగితముపై నకలు తీయగలదు గనుక దానికా పేరు. ఆ కంపెనీయే నేటి జెరాక్సు. గ్రీకు భాషలో 'జీరోస్' అనగా తడి లేనిది అని అర్థము. మన 'పొడి' అను మాట దీనికి ఇంకను చక్కగా కుదురును; తడి లేనిదియు పొడియే, రాలెడి నలుసులును పొడియే. ఈ యంత్రములో రెండును ఉన్నవి.

లేసరు ప్రింటరు పనిచేయు విధము

కార్ల్‌సన్ యంత్రము ఉన్న కాగితమునకు నకలు మాత్రమే తీయును. కంప్యూటరులోని అక్షరములను నేరుగా డ్రమ్ముపై కాంతితో వ్రాయవచ్చునని గ్రహించినవాడు జెరాక్సు సంస్థలోని గ్యారీ స్టార్క్‌వెదర్. అతడు 1971 లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పరిశోధనాలయమునకు వెళ్లి అచ్చట లేసరు ప్రింటరును నిర్మించెను. 1984 లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థ, కానన్ సంస్థ తయారుచేసిన యంత్రభాగముతో, బల్లపై పెట్టుకొనదగిన లేసరు ప్రింటరును అమ్మకమునకు తెచ్చినది. నిమిషమునకు 8 పుటలు అచ్చువేయు ఆ యంత్రము ఆనాటి ధర 3,495 డాలర్లు.

దీని లోపల ఆఱు పనులు వరుసగా జరుగును. మొదట ఒక గుండ్రని డ్రమ్ముకు అంతటను సమానముగా విద్యుదావేశము ఇవ్వబడును. ఈ డ్రమ్ము పైపూత చీకటిలో విద్యుత్తును ప్రసరింపనీయదు. వెలుతురు తగిలినచో ప్రసరింపనిచ్చును. రెండవది, లేసరు కిరణము అక్షరము ఉండవలసిన చోటులను మాత్రము తాకి అచ్చటి ఆవేశమును తొలగించును. మూడవది, అదే జాతి ఆవేశము గల టోనరు పొడి డ్రమ్ము దగ్గఱకు వచ్చును. సజాతి ఆవేశములు వికర్షించుకొనును గనుక ఆవేశమున్న చోట పొడి నిలువదు. కిరణము తాకిన చోటనే అంటుకొనును. నాలుగవది, కాగితము వెనుక నుండి వ్యతిరేకావేశము పొడిని కాగితముపైకి లాగును. ఐదవది, సుమారు 180 నుండి 200 సెంటీగ్రేడు డిగ్రీల వేడిగల ఉరుళ్ల మధ్యగా కాగితము పోవునపుడు పొడి కరగి పీచులో ఇంకును. ఆఱవది, డ్రమ్ముపై మిగిలిన పొడిని ఒక రబ్బరు పట్టీ గీకివేయును.

టోనరు అనగా వట్టి మసి కాదు. వేడికి కరగు ప్లాస్టిక్కు వంటి రెసిను, నల్లని కర్బనపు మసి, కొద్దిపాటి మైనము మొదలగునవి దానిలో ఉండును. ఒక్కొక్క రేణువు 5 నుండి 10 మైక్రానుల వ్యాసము గలది; మనిషి తల వెండ్రుక దీనికి ఇంచుమించు పది రెట్లు లావు. రేణువులన్నియు ఒకే పరిమాణముతో, ఒకే తీరుగా ఆవేశమును గ్రహించునట్లు తయారుచేయవలెను.

సిరా చిమ్ము ప్రింటరు

రెండవ జాతి ప్రింటరులో పొడి లేదు. ద్రవమగు సిరా ఉండును. వెండ్రుకకంటె సన్నని రంధ్రముల గుండ సిరా చుక్కలు కాగితముపైకి చిమ్మబడును. 1977 లో జపానులోని కానన్ పరిశోధనాలయమున ఒకరు వేడిగా ఉన్న టంకపు కడ్డీని సిరా నింపిన సిరంజి సూదికి పొరపాటున తాకించిరి. సూది కొననుండి సిరా చివ్వున చిమ్మినది. వేడికి లోపల ఆవిరి బుడగ పుట్టి సిరాను ముందుకు నెట్టినదన్న మాట. ఈ సూత్రముపై ఒక జాతి యంత్రములు వచ్చినవి. విద్యుత్తు తగిలిన వెంటనే ఆకారము మారు స్ఫటికములతో సిరాను నెట్టునది మఱియొక జాతి.

ఇందు ఒక చిక్కు ఉన్నది. చాల దినములు వాడకున్నచో రంధ్రముల వద్ద సిరా ఎండిపోవును. దానిని తొలగించుటకు యంత్రము తనంత తాను కొంత సిరాను వెలికి తోసి పారబోయును. ఈ సిరా ఏ పుట మీదను కనబడదు గాని ఖర్చులో మాత్రము చేరును. కావున సెలవులలో నెలల తరబడి మూలనుంచు చోట ఇట్టి యంత్రము లాభసాటి కాదు. వారమునకు ఒక్క పుటయైన అచ్చువేయుచుండుట మేలు.

చిన్న కార్ట్రిడ్జీలు గల సిరా ప్రింటర్లలో పుటకు ఖర్చు హెచ్చు. పెద్ద తొట్లలో సీసానుండి సిరా పోసికొను ప్రింటర్లలో ఆ ఖర్చు బాగుగా తగ్గును; కాని యంత్రపు ధర హెచ్చు. ఇచ్చటనే అసలు లెక్క మొదలగును.

చవుక యంత్రము, ఖరీదు పుట

ప్రింటర్ల వ్యాపారములో ఒక పద్ధతి కలదు. యంత్రమును తక్కువ లాభముతో అమ్మి, తరువాత ఏండ్ల తరబడి కొనవలసిన కార్ట్రిడ్జీలపై లాభము సంపాదించుట. అందుచే కొనువాడు చూడవలసినది యంత్రపు ధరను మాత్రమే కాదు. పుట ఖర్చును కూడ చూడవలెను. మొత్తము ఖర్చులో ఒకటి స్థిర వ్యయము, ఒకటి చర వ్యయము. యంత్రపు ధర 'అ' అనియు, పుటకు సిరా ఖర్చు 'బ' అనియు, పుటల సంఖ్య 'క్ష' అనియు అనుకొన్నచో, మొత్తము ఖర్చు అ + బక్ష. గ్రాఫు కాగితముపై ఇది ఒక సరళరేఖ.

ఉదాహరణకు, మొదటి యంత్రము ధర 4,000 రూపాయలు, పుటకు సిరా ఖర్చు 4 రూపాయలు అనుకొందము. రెండవదాని ధర 16,000 రూపాయలు, పుటకు 1 రూపాయి. రెండు రేఖలు ఎచ్చట ఖండించుకొనును? 4000 + 4క్ష = 16000 + క్ష; అనగా క్ష = 4,000. నాలుగు వేల పుటలలోపు అచ్చు వేయువారికి మొదటిది చవుక. అది దాటినవారికి రెండవది చవుక.

ఇక ఒక పాఠశాలను తీసికొందము. విద్యార్థులు 300 మంది, సబ్జెక్టులు 6, ప్రతి ప్రశ్నపత్రము 2 పుటలు, సంవత్సరమునకు 4 పరీక్షలు అనుకొన్నచో, 300 × 6 × 2 × 4 = 14,400 పుటలు. మొదటి యంత్రముతో ఖర్చు 4,000 + 57,600 = 61,600 రూపాయలు. రెండవ యంత్రముతో 16,000 + 14,400 = 30,400 రూపాయలు. ఒక్క సంవత్సరములోనే భేదము 31,200 రూపాయలు. ఒక్కొక్క పరీక్షకు 3,600 పుటలు గనుక, రెండవ పరీక్ష మొదటి దినములలోనే ఖండన బిందువు దాటిపోవును. 'చవుక' యంత్రము నాలుగు నెలలు గడువకమునుపే ఖరీదైనదిగా తేలును. ఇచ్చట వాడిన ధరలు లెక్క కొఱకు అనుకొన్నవి మాత్రమే. ఎవరి యంత్రమునకు వారు తమ అంకెలు వేసికొని చూడవలెను.

ఒకే పత్రము వందలకొలది నకళ్లు కావలసినచో మఱియొక మార్గమున్నది. మునుపు పాఠశాలలలో సైక్లోస్టైలు యంత్రములు ఉండెడివి. స్టెన్సిలుపై అక్షరములు చెక్కి, సిరా ఉరుళ్లపై చుట్టి, నకళ్లు తీసెడివారు. దాని వారసురాలే నేటి డిజిటల్ డూప్లికేటరు. ఇందు స్టెన్సిలును యంత్రమే వేడితో చిల్లులు పొడిచి తయారుచేయును. స్టెన్సిలుకు 20 రూపాయలు, నకలుకు 10 పైసలు అనుకొన్నచో, నకళ్ల సంఖ్య 'న' అయినపుడు ఖర్చు 20 + 0.1న. పుటకు రూపాయి అగు ప్రింటరుతో పోల్చగా, 23 నకళ్లనుండి డూప్లికేటరు చవుక. 300 నకళ్లకు ప్రింటరులో 300 రూపాయలు, డూప్లికేటరులో 50 రూపాయలు. కాని ఒక్కొక్క విద్యార్థికి వేఱు వేఱుగా ఇవ్వవలసిన మార్కుల పత్రమునకు ఇది పనికిరాదు. ఏ పనికి ఏ యంత్రము తగునో ఎన్నుకొనుటయే నిర్వహణములో మొదటి సూత్రము.

నూటికి ఐదు వంతులు

కార్ట్రిడ్జి పెట్టెపై 'రెండు వేల పుటలు వచ్చును' అని వ్రాసియుండును. వాడుకలో పదునైదు వందలకే అయిపోవును. ఇది మోసము కానక్కఱలేదు. ఆ సంఖ్యను కొలుచుటకు అంతర్జాతీయ ప్రమాణములు ఉన్నవి. నలుపు టోనరునకు వాడు ప్రమాణము సంఖ్య 19752. నిర్ణీతమైన ఒక నమూనా పుటను మరల మరల అచ్చువేసి లెక్కింతురు. ఆ పుటలో నలుపు ఆక్రమించు వైశాల్యము సుమారు నూటికి ఐదు వంతులు.

ఐదు వంతులనగా ఎంత? ఎ4 కాగితము 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు, వైశాల్యము 623.7 చదరపు సెంటీమీటర్లు. అందు ఐదు వంతులు సుమారు 31 చదరపు సెంటీమీటర్లు. పుటలోని అక్షరములన్నిటి నలుపును ఒకచోట కుప్పపోసినచో 5.6 సెంటీమీటర్ల భుజము గల చిన్న చతురస్రము మాత్రమే అగును. పుటలో సగము ఆక్రమించు నల్లని బొమ్మ వేసినచో, ఆ ఒక్క పుటకు పది పుటల టోనరు పట్టును. పటములను నల్లని నేలపై కాక తెల్లని నేలపై గీతలతో గీసినచో ఎంత ఆదాయము కలుగునో దీనివలన తెలియుచున్నది.

ఖాళీ కార్ట్రిడ్జిని మరల నింపి వాడవచ్చునా అను ప్రశ్న న్యాయస్థానములకు కూడ ఎక్కినది. లెక్స్‌మార్క్ అను ప్రింటర్ల సంస్థకును, ఖాళీ కార్ట్రిడ్జీలను తిరిగి నింపి అమ్ము ఇంప్రెషన్ ప్రోడక్ట్స్ అను సంస్థకును నడచిన వ్యాజ్యములో అమెరికా సుప్రీంకోర్టు 2017 మే 30 న తీర్పు చెప్పినది. వస్తువును ఒకసారి అమ్మిన పిమ్మట దానిపై అమ్మినవాని పేటెంటు హక్కు తీరిపోవునని ఆ తీర్పు సారాంశము. ఇక మంచి చెడ్డల మాట: చాల కార్ట్రిడ్జీలలో డ్రమ్ముకూడ లోపలనే ఉండును. పొడి నింపినంత మాత్రమున అరిగిన డ్రమ్ము క్రొత్తది కాదు. పుట పొడవునా ఒకే దూరములో మరల మరల మచ్చ కనబడినచో, ఆ దూరము ఏదో ఒక ఉరుళి లేక డ్రమ్ముయొక్క చుట్టుకొలత అని గ్రహించి, దానినే మార్పించవలెను.

కాగితము లెక్క

ఎ4 కాగితము కొలతలోనే ఒక చక్కని గణితమున్నది. ఎ0 అను పెద్ద కాగితము వైశాల్యము ఒక చదరపు మీటరు. దానిని నాలుగుసార్లు సగమునకు మడచినచో ఎ4 వచ్చును. కావున ఇది చదరపు మీటరులో 16 వ వంతు. చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితమైనచో ఒక్క ఎ4 బరువు 5 గ్రాములు. 500 కాగితముల రీము రెండున్నర కిలోగ్రాములు. పైన చెప్పిన పాఠశాలయొక్క 14,400 పుటలు ఒకే ప్రక్క అచ్చువేసినచో 72 కిలోల కాగితము; రెండు ప్రక్కల వేసినచో 36 కిలోలు. రాజమహేంద్రవరము, కాగజ్‌నగరము, భద్రాచలము ప్రాంతములలోని మిల్లులకు మన రైతులు పెంచు సరుగుడు, సుబాబులు, జామాయిలు కఱ్ఱ పోవుచున్నది. కాగితము ఆదా చేయుట ఆ కఱ్ఱను, నీటిని, విద్యుత్తును ఆదా చేయుటయే.

అయితే రెండు ప్రక్కల అచ్చువేయుటవలన కాగితము సగమగును గాని సిరా తగ్గదు. కాగితము అర్ధ రూపాయి అనుకొందము. పుటకు నాలుగు రూపాయల సిరా త్రాగు యంత్రములో ఈ పద్ధతివలన పుట ఖర్చు 4.50 నుండి 4.25 కు మాత్రమే తగ్గును. రూపాయి యంత్రములో 1.50 నుండి 1.25 కు తగ్గును. ఇది ఆఱవ వంతు. ఖర్చు ఎచ్చట హెచ్చుగా ఉన్నదో అచ్చట ముందు చేయి పెట్టవలెనని దీనివలన తేలుచున్నది.

ఒకే ప్రక్కన రెండు పుటలు కుదించి వేయుట మఱియొక ఉపాయము. పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు యొక్క వర్గమూలము గనుక, సగము కాగితమునకు కూడ అదే ఆకారము. పుట వికారము కాకుండ కుదురును. కాని 12 పాయింట్ల అక్షరము ఎనిమిదిన్నర పాయింట్లకు తగ్గును. ఇంగ్లీషు అక్షరములు ఈ పరిమాణములో చదువవచ్చును. తెలుగులో గుణింతపు గుర్తులు, క్రింది వత్తులు కలిసిపోయి 'థ', 'ధ' ల భేదము తెలియక పిల్లలు బాధపడుదురు. కావున తెలుగు ప్రశ్నపత్రములకు ఈ ఉపాయము తగదు.

ఒక విద్యార్థి ప్రయోగము

2014 లో అమెరికాలోని పిట్స్‌బర్గు ప్రాంతమునకు చెందిన 14 ఏండ్ల విద్యార్థి ఒకడు ఈ విషయమున చేసిన ప్రయోగము పత్రికలలో ప్రసిద్ధి కెక్కినది. తన పాఠశాలలో పంచు కాగితములను చూచి, ఏ అచ్చు అక్షరరూపమునకు సిరా తక్కువ పట్టునని అతడు పరీక్షించెను. తఱచుగా వచ్చు అక్షరములను వేఱు వేఱు రూపములలో పెద్దవిగా అచ్చువేసి, దళసరి కాగితముపై కత్తిరించి, వానిని తూచెను. తూకము తక్కువయైన అక్షరమునకు సిరాయును తక్కువే. గారమొండ్ అను సన్నని రూపమునకు మారినచో తన పాఠశాల జిల్లాకు సిరాలో నూటికి 24 వంతులు, ఏడాదికి 21,000 డాలర్ల వఱకు మిగులునని అతడు లెక్కకట్టెను. ప్రభుత్వము మొత్తముపై కోట్ల డాలర్లు మిగులునని కూడ అంచనా వేసెను.

దీనిపై అచ్చు నిపుణులు రెండు ఆక్షేపణలు తెలిపిరి. ఒకటి, గారమొండ్ అక్షరములు అదే పాయింటు సంఖ్యలో చూపునకు చిన్నవి. అక్షరమును చిన్నది చేసినచో ఏ రూపమునకైనను సిరా తగ్గును, చదువుటయును కష్టమగును. రెండు, ప్రభుత్వపు పెద్ద ముద్రణ చిన్న ప్రింటర్లపై కాక పెద్ద అచ్చు యంత్రములపై జరుగును. అచ్చట సిరా ఖర్చు స్వల్పము. ఈ ఆక్షేపణలవలన బాలుని కృషికి విలువ తగ్గదు. చదువుటకు వీలుగా ఉండు పరిమాణమును ముందు స్థిరపఱచి, ఆ తరువాతనే రూపములను పోల్చవలెనని అవి తెలుపుచున్నవి. తెలుగు అక్షరరూపములపై ఇట్టి ప్రయోగమును మన పాఠశాలలలో ఒక కత్తెర, ఒక సున్నితపు త్రాసుతో చేయవచ్చును.

నిర్వహణ సూత్రములు

ఖర్చును అదుపు చేయుటకు మొదటి మెట్టు కొలుచుట. చాల ప్రింటర్లలో ఇంతవఱకు వేసిన పుటల సంఖ్యను చూపు లెక్క ఉండును. ప్రతి నెల మొదటి తేదీన ఆ సంఖ్యను పుస్తకములో వ్రాసికొనవలెను; క్రొత్త కార్ట్రిడ్జి వేసిన దినమున కూడ వ్రాయవలెను. రెండు కార్ట్రిడ్జీల నడుమ వచ్చిన పుటలతో కార్ట్రిడ్జి ధరను భాగించినచో నిజమైన పుట ఖర్చు తెలియును.

రెండవది, యంత్రముల సంఖ్యను తగ్గించుట. గదికొక చిన్న ప్రింటరు ఉన్నచో ఒక్కొక్కదానికి వేఱు కార్ట్రిడ్జి నిలువ పెట్టవలెను. నాలుగు గదులకు కలిపి ఒక మంచి యంత్రము పెట్టినచో పుట ఖర్చు తగ్గును. అయితే అది ఒక్కటియే చెడినచో పని ఆగును గనుక, పాత చిన్నదానిని ఒకదానిని అక్కఱకు ఉంచుకొనుట మంచిది.

మూడవది, కంప్యూటరులో ముందుగానే నలుపును, రెండు ప్రక్కల అచ్చును నియమించి ఉంచుట. రంగు కావలసినవారు ప్రత్యేకముగా కోరవలెను. మనుష్యులు సాధారణముగా ఉన్న నియమమును మార్చరు. కావున ఈ చిన్న మార్పు దినదినమును ఫలమిచ్చును.

నాలుగవది, తీసికొనని కాగితములను అరికట్టుట. పెద్ద కార్యాలయములలో అచ్చు ఆజ్ఞ యిచ్చి మఱచిపోయినవారి పుటలు యంత్రముపై గుట్టలుగా పడియుండును. యంత్రము వద్దకు వచ్చి రహస్య సంఖ్య నొక్కిన పిమ్మటనే అచ్చువేయు ఏర్పాటు ఇప్పుడు కలదు. ప్రశ్నపత్రముల వంటి రహస్య పత్రములకు ఇది రక్షణ కూడ.

ఐదవది, యంత్రమును, కాగితమును కాపాడుట. కాగితము తేమ పీల్చినచో దాని విద్యుత్ నిరోధము తగ్గి, ఆవేశము జాఱిపోయి, పొడి సరిగా అంటదు. కాగితము మెలిపడి లోపల ఇఱుకుకొనును. సముద్రతీర జిల్లాలలో వర్షాకాలమున రీమును కట్ట విప్పకుండ ఉంచి, కావలసినంత మాత్రమే తీసికొనవలెను. టోనరు చేతికి, బట్టకు అంటినచో చన్నీటితోనే కడుగవలెను. వేడినీరు దానిని మెత్తపఱచి గట్టిగా అంటించును. లేసరు ప్రింటరును చిన్న యు.పి.ఎస్.కు తగిలింపరాదు; ఉరుళ్లు వేడెక్కునపుడు ఒక్కసారిగా హెచ్చు విద్యుత్తు లాగును.

విద్యుత్తు లెక్క కూడ ఆసక్తికరమైనది. అచ్చువేయునపుడు యంత్రము 500 వాట్లు వాడుననియు, నిమిషమునకు 20 పుటలు వేయుననియు అనుకొందము. 14,400 పుటలకు 12 గంటలు. ఖర్చు 6 యూనిట్లు. అదే యంత్రము ఏమియు చేయకుండ ఏడాదిపొడవునా 10 వాట్లతో మేల్కొనియున్నచో 87.6 యూనిట్లు! పనికంటె ఊరకుండుటకే పదునాలుగు రెట్లు ఖర్చు. సాయంకాలము మీట ఆపుట ఎంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు.

పాడైన ప్రింటర్లను, కార్ట్రిడ్జీలను చెత్తకుండీలో వేయరాదు. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థముల నియమావళిలో ప్రింటర్లతోపాటు కార్ట్రిడ్జీలును చేర్చబడినవి. వానిని గుర్తింపు పొందిన సేకరణ కేంద్రములకు అప్పగింపవలెను.

మితవ్యయము, లోభము

చివరకు ఒక హెచ్చరిక. టోనరు ఆదా చేయు పలుచని అచ్చు పద్ధతి చాల యంత్రములలో ఉన్నది. చిత్తుప్రతులకు అది మంచిదే. కాని జీవశాస్త్ర ప్రశ్నపత్రములో గుండె పటము అలుకుకొనిపోయి, కవాటమేదో సిరయేదో తెలియక ఒక విద్యార్థి నాలుగు మార్కులు పోగొట్టుకొన్నచో, మిగిలిన కొద్ది పైసలకు ఆ బాలుడు మూల్యము చెల్లించినట్లే. అట్లే, కార్యాలయములో అచ్చును మితిమీరి నిషేధించినచో ఉపాధ్యాయుడు తన జేబులోని డబ్బుతో బజారులో జెరాక్సు తీయించుకొనును. ఖర్చు తగ్గలేదు, ఒకరి నుండి ఒకరికి మారినది.

కావున అనవసరమైన పుట వేయకుండుటయు, అవసరమైన పుటను స్పష్టముగా వేయుటయు ఉత్తమ నిర్వహణము. పదవ తరగతి విద్యార్థులు తమ పాఠశాల ప్రింటరు పుటల లెక్కను ఒక్క సంవత్సరము వ్రాసి, రెండు సరళరేఖలు గీసి, ఖండన బిందువును కనుగొని ప్రధానోపాధ్యాయునికి చూపినచో, తరువాత కొనబోవు యంత్రమును ఎన్నుకొనుటకు అది చక్కని ఆధారమగును.